నాగజెముడు పండు

మనిషికి ఆహారమైన ప్రతి వస్తువు వెనుక ఒక సాహసి ఉంటాడు. చేదుగా ఉన్న కాకరకాయను మొదట వండినవాడు ఎవరో మనకు తెలియదు. గొంతును గీరే కందను చింతపండు వేసి ఉడికించి లొంగదీసిన ఇల్లాలు ఎవరో తెలియదు. అలాగే ఒళ్లంతా ముళ్లు ధరించి, పడగ విప్పిన పాములా నిలుచున్న నాగజెముడు దగ్గరకు ధైర్యంగా వెళ్లి, దాని కొసన ఎర్రగా మెరిసే పండును కోసి నోట పెట్టుకున్న తొలి మనిషి పేరు కూడా చరిత్రకు ఎక్కలేదు. అయితే ఆ మనిషి నేర్చిన విద్య మాత్రం వేల ఏళ్లుగా చేతి నుంచి చేతికి అందుతూ వచ్చింది. ఆ విద్యను, దాని వెనుక ఉన్న చరిత్రను పరిచయం చేయడమే ఈ పాఠం ఉద్దేశం.

కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగినవారికి నాగజెముడుతో పరిచయం తక్కువ. ముదినేపల్లి, గుడివాడ ప్రాంతాలలో ఎటు చూసినా వరిచేలు, కాలువలు, చేపల చెరువులు కనబడతాయి. 1855లో బెజవాడ దగ్గర కృష్ణానదికి అడ్డంగా ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి ఈ నేల నీటికి అలవాటు పడింది. నీరు నిలిచే నల్లరేగడిలో నాగజెముడు వేరు కుళ్లిపోతుంది. దానిని చూడాలంటే తీరపు ఇసుక దిబ్బల వైపో, మెట్ట పొలాల కంచెల వైపో, ఎత్తయిన బీడుల వైపో నడవాలి. అందుచేత డెల్టా పిల్లలకు అది ముళ్లకంప మాత్రమే. మెట్ట ప్రాంతపు పిల్లలకు అది పండ్ల చెట్టు.

ఈ తేడా నాకు చిన్నతనంలోనే అనుభవానికి వచ్చింది. వేసవి సెలవులలో పలనాటి మెట్టలో ఉన్న మా మేనమామగారి ఊరికి వెళ్లేవాళ్లం. ఒకనాడు అక్కడి పిల్లలు నోళ్లు తాంబూలం వేసుకున్నట్లు ఎర్రగా చేసుకుని వచ్చారు. ఏమి తిన్నారని అడిగితే చేను గట్టున ఉన్న జెముడు కంచెను చూపించారు. వారికంటే తెలివైనవాడినని అనుకుని నేను ఒంటరిగా వెళ్లి, పండును వట్టి చేత్తో కోసి, తొక్కతోనే కొరికాను. ఆ తర్వాత రెండు రోజులు పెదవి కదిపితే కంట నీరు తిరిగింది. మా అమ్మమ్మ నన్ను కోప్పడలేదు. వెలుగులో కూర్చోబెట్టి, సన్నని చిమటాతో పెదవిలోని నూగును ఒక్కొక్కటిగా తీసి, "పండుది తప్పు కాదురా అబ్బాయీ, దానిని అడిగే పద్ధతి నీకు తెలియలేదు" అన్నది. ఆ మాటకు అర్థం నాకు చాలా ఏళ్ల తర్వాత గాని బోధపడలేదు.

పేరులోని పడగ

తెలుగులో 'జెముడు' అనే మాట పాతది. బొమ్మజెముడు, ఆకుజెముడు, కాడజెముడు అని దీనిలో పలు రకాలున్నాయి. సంస్కృత వైద్యగ్రంథాలు 'స్నుహి' అని పిలిచిన మొక్కలు ఈ వర్గానివే. వీటిలో ఏ కొమ్మను గిల్లినా తెల్లని పాలు కారతాయి. ఈ జెముళ్లు మన నేలకు పాత కాపులు.

నాగజెముడు అలాంటిది కాదు. అది అమెరికా ఖండాలకు చెందిన కాక్టస్ కుటుంబపు మొక్క. శాస్త్రజ్ఞులు దానిని 'ఒపన్షియా' అనే ప్రజాతిలో చేర్చారు. 1492లో కొలంబస్ సముద్రయానం చేసిన తర్వాతనే అది పాత ప్రపంచానికి చేరింది. మిరప, జామ, సీతాఫలం, బొప్పాయి, పొగాకు వంటివి వచ్చిన దారిలోనే ఐరోపా నావికుల ఓడలలో మన దేశానికి వచ్చింది. కనుక 15వ శతాబ్ది పూర్వార్ధంలో జీవించిన శ్రీనాథ మహాకవి పలనాటిలో జొన్నకూడు తిని విసుక్కున్నాడని చాటువులు చెబుతున్నా, ఆ సీమ పొలాల గట్ల మీద ఆయన నాగజెముడును చూసే అవకాశమే లేదు. ఈనాడు మన పల్లెకు సహజమనిపించే దృశ్యాలలో కొన్ని ఇలా సముద్రాలు దాటి వచ్చినవే.

కొత్తగా వచ్చిన ఈ మొక్కకు మనవారు పేరు పెట్టిన తీరు గమనించదగినది. నీరు దాచుకున్న దేహం, ముళ్లు, కంచెగా పనికివచ్చే గుణం చూసి దీనిని జెముడు అన్నారు. వెడల్పుగా, చదునుగా ఉన్న మట్ట పాము పడగను తలపించడంతో ముందు 'నాగ' శబ్దం చేర్చారు. సంస్కృతంలో కల్పించుకున్న 'నాగఫణి' అనే పేరుకూ ఇదే భావం. ఒక పరదేశపు మొక్కను పాత ఇంటిపేరుతో బంధువుగా చేర్చుకున్న భాషాచాతుర్యం ఇందులో ఉంది.

అయితే ఈ చుట్టరికం పేరుకే గాని రక్తానికి కాదు. రూపసామ్యం వల్ల రెండు వేర్వేరు కుటుంబాలు ఒకే పేరు కిందికి చేరాయి. 'బ్రహ్మజెముడు' అనే మాటనైతే కొందరు పాలు కారే మొక్కకు, కొందరు నాగజెముడుకు కూడా వాడతారు. పేర్లు ఇలా కలిసిపోవడంలోనే ప్రమాదం పొంచి ఉంది.

పాలు కారితే ముట్టరాదు

పాలజెముళ్ల పాలు విషపూరితం. చర్మానికి తగిలితే మంట, బొబ్బలు కలుగుతాయి. కంటిలో పడితే నల్లగుడ్డుపై పొర దెబ్బతిని చూపుకే ముప్పు రావచ్చు. పొరపాటున పడితే వెంటనే ధారాళమైన మంచినీటితో చాలాసేపు కడిగి, ఆలస్యం చేయకుండా కంటి వైద్యుని దగ్గరకు వెళ్లాలి. చేతిని కంటికి రుద్దరాదు. ఇంటి చిట్కాలను ఆశ్రయించరాదు.

ఈ రెండు కుటుంబాలను గుర్తుపట్టడానికి మూడు ఆనవాళ్లు చాలు. మొదటిది, మట్టను పుల్లతో గీరి చూడటం. తెల్లని పాలు వస్తే అది పాలజెముడు. రంగులేని జిగురు మాత్రమే కనబడితే నాగజెముడు. రెండవది ముళ్ల అమరిక. బొమ్మజెముడు, ఆకుజెముడులలో ముళ్లు సాధారణంగా జంటలుగా ఉంటాయి. నాగజెముడులో ఒక్కొక్క చిన్న కన్ను నుంచి ముళ్లు గుత్తిగా లేస్తాయి. వాటి మొదట్లో నూగువంటి సన్నని ముళ్ల కుచ్చు ఉంటుంది. మూడవది కాయ. పాలజెముడు కాయ చిన్నది, మూడు గదులుగా చీలి కనబడుతుంది, కండ ఉండదు. నాగజెముడు కాయ బొంగరం ఆకారంలో కండపట్టి ఉంటుంది. పండితే ఊదా కలిసిన ఎరుపు రంగుకు వస్తుంది. ఈ మూడు ఆనవాళ్లలో ఏ ఒక్కటి కుదరకపోయినా ఆ కాయను తినకూడదు.

ముళ్ల వెనుక ఉన్న నీరు

నాగజెముడులో మనం ఆకు అని భ్రమపడేది నిజానికి కాండం. లేత మట్టపై మొలిచే అసలు ఆకులు మొలకల వలె చిన్నవి, త్వరలోనే రాలిపోతాయి. ఆకులు ఎక్కువైతే నీరు ఆవిరి రూపంలో ఎక్కువగా పోతుంది. అందుకే ఆకు చేయవలసిన పనిని కాండం స్వీకరించింది. పచ్చదనం, ఆహారం తయారుచేసుకునే శక్తి కాండానికే ఉన్నాయి.

ఇంతకంటె విశేషమైనది దాని శ్వాస. సాధారణమైన మొక్కలు పగటిపూట పత్రరంధ్రాలు తెరిచి బొగ్గుపులుసు వాయువును తీసుకుంటాయి. ఆ సమయంలోనే వాటి నీరు ఆవిరవుతుంది. నాగజెముడు పగలు ఆ రంధ్రాలను మూసి ఉంచి, చల్లని రాత్రివేళ తెరుస్తుంది. రాత్రి పీల్చిన వాయువును ఆమ్ల రూపంలో నిలువచేసుకుని, తెల్లవారిన తర్వాత సూర్యకాంతి సాయంతో ఆహారంగా మార్చుకుంటుంది. లోపలి జిగురు నీటిని పట్టి ఉంచుతుంది. పైనున్న మైనపు పొర దానిని కాపాడుతుంది. వాన లేని నెలలలో కూడా పండులో రసం నిండి ఉండటానికి ఈ పొదుపే కారణం.

పసుపు రంగు పువ్వు కింద భాగమే క్రమంగా ఊరి పండు అవుతుంది. పువ్వు రాలిన చోట పండు నెత్తిన ఒక గుంట మిగులుతుంది. తినేవాడు ముందుగా జాగ్రత్తపడవలసినది ఆ గుంట విషయంలోనే. నూగు అక్కడ దట్టంగా ఉంటుంది. పెద్ద ముల్లు కంటికి కనబడుతుంది కనుక దాని వల్ల బాధ తక్కువ. నూగు కంటికి ఆనదు. దానికి వెనుకకు వంగిన సన్నని కొక్కేలుంటాయి. గుచ్చుకుంటే సులభంగా ఊడిరాదు.

ఎరుపు కోసం పడిన పాట్లు

నాగజెముడు చరిత్రలో పండుకంటె ముందు ఒక పురుగు కథ చెప్పాలి. మెక్సికో ప్రజలు ఈ మొక్కపై బతికే కొచినీల్ పురుగులను ఎండబెట్టి, నూరి, గాఢమైన ఎరుపు రంగు తీసేవారు. స్పెయిన్ దేశస్థులు ఆ వ్యాపారాన్ని తమ గుప్పిట్లో ఉంచుకున్నారు. ఆ లాభంపై ఈస్టిండియా కంపెనీకి కన్నుపడింది. 18వ శతాబ్ది చివర మద్రాసులో వైద్యాధికారిగా ఉన్న జేమ్స్ ఆండర్సన్ సైదాపేట దగ్గర ఈ పురుగుల పెంపకం కోసం నాగజెముడు జాతుల తోటను వేయించాడు. 1795లో కెప్టెన్ నీల్సన్ అనే అతడు బ్రెజిల్‌లోని రియో డి జనీరో నుంచి పురుగులను తెచ్చాడు. కాని అవి మేలైన రంగునిచ్చే జాతి కావు. రంగు దక్కకపోగా, అవి ఒక జాతి నాగజెముడును మాత్రం తిని నాశనం చేశాయి.

మచిలీపట్నం, పెడన ప్రాంతాల కలంకారీ గురించి తెలిసినవారికి ఈ కథ ఆసక్తి కలిగిస్తుంది. కృష్ణా తీరపు ఇసుక నేలలలో దొరికిన చిరువేరు నుంచి మన అద్దకపువారు అప్పటికే శతాబ్దాలుగా చెరగని ఎరుపును సాధించి ప్రపంచానికి అమ్మారు. ఆ బట్టల కోసమే ఐరోపా వర్తకులు బందరు రేవుకు వచ్చారు. 1869లో కృత్రిమ అలిజరిన్ తయారైన తర్వాత చిరువేరుకూ, రసాయనపు రంగుల రాకతో కొచినీల్‌కూ వెలుగు తగ్గింది. అయితే కొచినీల్ ఎరుపు నేటికీ పెరూ మొదలైన దేశాలలో తయారవుతూ, కార్మిన్ అనే పేరుతో ఆహార పదార్థాలలోను, అలంకరణ సామగ్రిలోను వాడుకలో ఉంది.

మిగిలిన నాగజెముడు జాతి మాత్రం దక్షిణ భారతంలో అదుపు లేకుండా వ్యాపించింది. 1876–78 నాటి మహాక్షామాన్ని మనవారు ధాత కరువు అన్నారు. ఆ కాలంలో మద్రాసు రాజధానిలో ముళ్లు కాల్చిన మట్టలను పశువులకు మేపే ప్రయత్నాలు జరిగాయి. కరువు తీరిన తర్వాత అదే మొక్క పొలాలను ఆక్రమించే శత్రువుగా కనిపించింది. 1926లో సింహళం నుంచి మరొక జాతి కొచినీల్ పురుగును తెప్పించి విడిచిపెట్టారు. తెల్లని దూది పింజలలా మట్టలను కప్పే ఆ పురుగు కొద్ది ఏళ్లలోనే విస్తారమైన జెముడు పొదలను రూపుమాపింది. ఈనాడు అక్కడక్కడ కనబడే పొదలు ఆ దాడికి తట్టుకుని మిగిలినవి, మళ్లీ మొలిచినవి.

ఒక మొక్క, రెండు తీర్పులు

ఇదే కాలంలో ప్రపంచంలో రెండు చోట్ల జరిగిన సంగతులను పక్కపక్కన పెట్టి చూస్తే మనకు ఒక పాఠం దొరుకుతుంది.

ఆస్ట్రేలియాలో కంచెల కోసం తెచ్చిన కాక్టస్ 1920ల నాటికి సుమారు రెండున్నర కోట్ల హెక్టార్ల నేలను ఆక్రమించింది. రైతులు ఇళ్లు విడిచి పోయారు. అప్పుడు అర్జెంటీనా నుంచి తెచ్చిన ఒక చిమ్మెట జాతి గొంగళిపురుగులు ఆ పొదలను తొలిచి తినివేశాయి. ప్రజలు ఎంతగా సంతోషించారంటే, క్వీన్స్‌లాండ్‌లోని బూనార్గా అనే ఊరిలో ఆ చిమ్మెట పేరిట స్మారక మందిరం నిర్మించుకున్నారు.

మడగాస్కర్ దక్షిణ భాగంలో కథ వేరుగా జరిగింది. వానలు సరిగా పడని ఆండ్రోయ్ సీమ ప్రజలకు నాగజెముడు వంటి 'రకేత' అనే కాక్టస్ జీవనాధారం. దాని పండ్లు మనుషులకు ఆహారం, మట్టలు పశువులకు మేత, నీరు. ఫ్రెంచి పాలనాకాలంలో 1924 ప్రాంతాన అక్కడ కొచినీల్ పురుగును విడిచిపెట్టారు. కొద్ది ఏళ్లలోనే రకేత తోపులు కుళ్లి కూలిపోయాయి. పశువులు పెద్ద సంఖ్యలో చనిపోయాయి, మనుషులు ఆకలితో అలమటించారు, ఎందరో ప్రాణాలు కోల్పోయారు, బతికినవారిలో ఎందరో వలసపోయారు.

మొక్క స్వభావంలో పెద్ద భేదం లేదు. పురుగు చేసిన పని కూడా ఒకటే. కాని ఒకచోట విముక్తి, మరొకచోట విపత్తు సంభవించాయి. ఆ మొక్కతో జీవించడం తెలిసిన ప్రజలను సంప్రదించకుండా, అది కలుపు మొక్క అని దూరం నుంచి తీర్పు చెప్పడమే మడగాస్కర్ విషాదానికి మూలం. ఏది పనికిరానిదో నిర్ణయించే ముందు, అది ఎవరికి పనికివస్తున్నదో అడగాలి.

పండును ఒలిచే పద్ధతి

ఇక అసలు విద్యకు వద్దాం. పలనాటిలో మా అమ్మమ్మ చేసిన పద్ధతి, వివిధ దేశాలలో అనుసరించే పద్ధతి దాదాపు ఒక్కటే. అది ఐదు మెట్లుగా సాగుతుంది.

మొదటి మెట్టు కోత. రంగు పూర్తిగా తిరిగిన పండునే కోయాలి. పచ్చికాయ వగరు. వట్టి చేతితో తాకరాదు. పట్టకారుతో గాని, కొస చీల్చిన వెదురు కర్రతో గాని పండును పట్టి మెలితిప్పితే ఊడివస్తుంది. గాలి విసురుగా ఉన్నప్పుడు కోయకూడదు. నూగు ఎగిరి కంట్లో పడవచ్చు. పొద వద్ద పాములు, తేళ్లు ఉండే అవకాశం ఉంది కనుక పిల్లలు ఒంటరిగా వెళ్లరాదు.

రెండవ మెట్టు నూగు పోగొట్టడం. పండ్లను ఇసుకలో వేసి కొమ్మతో గాని, పాత గోనెపట్టాతో గాని బాగా దొర్లించాలి. ఇంతకంటె మేలైనది మంట. పండును పట్టకారుతో పట్టి, పుల్లల మంటపై వంకాయను కాల్చినట్లు నాలుగు వైపులా తిప్పితే నూగు చిటపటమని కాలిపోతుంది. పండు ఉడకనవసరం లేదు, పైపైన సెగ తగిలితే చాలు.

మూడవ మెట్టు కడగడం. వెడల్పయిన గిన్నెలో నీరు పోసి, పండ్లను అందులో వేసి గరిటెతో కలియబెట్టి, ఆ నీరు పారబోయాలి. ఇలా రెండు మూడు సార్లు చేయాలి. ఆ నీటిలో చేయి ముంచకూడదు.

నాలుగవ మెట్టు ఒలుపు. పండును పళ్లెంలో పెట్టి, ముల్లుచెంచాతో గుచ్చి నిలిపి, రెండు కొసలను కత్తితో కోసివేయాలి. నెత్తిన ఉన్న గుంట పూర్తిగా పోయేటట్లు కొంచెం లోతుగా కోయాలి. తర్వాత తొక్కపై నిలువునా ఒక గాటు పెట్టి, ఆ గాటులోకి కత్తి మొనను దూర్చి తొక్కను ఇరువైపులా తెరిస్తే లోపలి గుజ్జు చుట్ట విప్పినట్లు బయటపడుతుంది.

ఐదవ మెట్టు శుభ్రత. ఒలవడానికి వాడిన కత్తిని, పళ్లేన్ని కడిగిన తర్వాతనే గుజ్జును మరొక పాత్రలోకి తీసుకోవాలి. తొక్కలను పశువులు గాని, పసిపిల్లలు గాని తాకని చోట పూడ్చాలి. ఇన్ని జాగ్రత్తల తర్వాత కూడా వేలికి నూగు తగిలితే రుద్దకూడదు, నోటితో తీయరాదు. చిమటాతో తీసి, మిగిలినవాటిపై అంటుకునే పట్టీని అద్ది లాగాలి.

పానీయాలు, పాకాలు

నాగజెముడు గుజ్జు రుచి తీపి, పులుపుల మేళవింపు. గింజలు చాలా గట్టివి. పండును నేరుగా తినేవారు గుజ్జును చప్పరించి గింజలను ఉమ్మివేయడం మంచిది.

రసం తీయాలంటే గుజ్జును చేతితోనో గరిటెతోనో చిదిపి, పలుచని గుడ్డలో గాని సన్నని జల్లెడలో గాని వడకట్టాలి. మిక్సీలో వేసి తిప్పితే గింజలు నలిగి రసం గరగరగా తయారవుతుంది. వడకట్టిన రసానికి రెట్టింపు చల్లని నీరు, తగినంత బెల్లం, నాలుగు నిమ్మచుక్కలు, చిటికెడు ఉప్పు కలిపితే షర్బత్ సిద్ధమవుతుంది. శ్రీరామనవమి పానకం చేయడం తెలిసిన ఇంట ఇది కొత్త విద్య కాదు. మిరియాల పొడి, యాలకుల పొడి కలిపిన పానకంలో చివరగా ఈ రసాన్ని పోస్తే మంకెనపువ్వు వంటి రంగు వస్తుంది.

ఈ రంగుకు బీటాలైన్‌లనే వర్ణకాలు కారణం. బీట్‌రూట్ ఎరుపు కూడా ఈ జాతిదే. ఎక్కువసేపు మరిగిస్తే ఈ రంగు వెలిసిపోతుంది. కాబట్టి జామ్ చేసేటప్పుడు ముందుగా పంచదార పాకాన్ని చిక్కబరచుకుని, తర్వాత రసాన్ని, నిమ్మరసాన్ని చేర్చి, సన్నని సెగపై దగ్గరపడే వరకు కలపాలి. నిమ్మరసం రుచి కోసమే కాదు. తోటలలో పెంచే కాక్టస్ పండ్లలో ఆమ్లం తక్కువ కనుక వాటి రసం త్వరగా చెడిపోతుంది. పులుపు చేరితే నిలువ కొంత పెరుగుతుంది. ఇంట్లో తీసిన పచ్చి రసాన్ని మాత్రం ఆ పూటే వాడుకోవాలి.

మెక్సికోలో ఈ పండును 'తూనా' అంటారు. దాని రసాన్ని గంటల తరబడి కాచి, ముద్దగా చేసి, ఆరబెట్టి 'కేసో ద తూనా' అనే పదార్థం తయారుచేస్తారు. మాట ప్రకారం అది తూనా జున్ను. స్వభావం ప్రకారం అది మన మామిడి తాండ్రకు సోదరి. లేత మట్టలను కూడా అక్కడ ముళ్లు చెక్కివేసి, ముక్కలుగా తరిగి, ఉడికించి, జిగురు నీటిని వంచి కూరగా వండుకుంటారు. మన బెండకాయ జిగురును లొంగదీసే పద్ధతికి ఇది దగ్గర. ఆ దేశపు జాతీయ పతాకం మధ్యలో గ్రద్ద వాలిన మొక్క ఈ కుటుంబానిదే. ఇటలీలోని సిసిలీ రైతులు మరొక ఉపాయం కనిపెట్టారు. వేసవి మొదట్లో వచ్చిన పూతను చేతులారా రాల్చివేస్తారు. మొక్క మళ్లీ పూసి, శరత్కాలంలో మరింత పెద్దవైన పండ్లనిస్తుంది.

మేలు, మితం

అమెరికా వ్యవసాయ శాఖ ఆహార పట్టికల ప్రకారం, 100 గ్రాముల కాక్టస్ పండు గుజ్జులో సుమారు 88 గ్రాములు నీరే. 41 కేలరీల శక్తి, 3.6 గ్రాముల పీచు, 14 మిల్లీగ్రాముల 'సి' విటమిన్, 56 మిల్లీగ్రాముల కాల్షియం, 85 మిల్లీగ్రాముల మెగ్నీషియం లభిస్తాయి. జాతిని, నేలను బట్టి ఈ అంకెలు మారుతాయి. ఎండాకాలంలో దాహానికీ, నీరసానికీ ఈ పండు ఎందుకు ఉపశమనమో ఈ లెక్క చెబుతుంది.

అయితే మేలైనదానికి కూడా మితం అవసరం. గింజలతో సహా ఎక్కువగా మింగితే అవి ప్రేగులలో గట్టి ఉండగా చేరి మలబద్ధకం కలిగించిన సందర్భాలను వైద్యులు నమోదు చేశారు. పండు తిన్న మరునాడు మూత్రం ఎర్రబడితే భయపడనక్కరలేదు. అది పండు రంగు కావచ్చు. పండు తినకుండానే అలా కనబడినా, తిన్న తర్వాత ఆ ఎరుపు తగ్గకపోయినా వైద్యుని చూడాలి. మధుమేహాన్ని ఇది నయం చేస్తుందనే ప్రచారాన్ని నమ్మి మందులు మానడం అవివేకం. ఇది ఆహారమే గాని ఔషధానికి ప్రత్యామ్నాయం కాదు.

మళ్లీ తోటలోకి

ఒకనాడు పురుగును విడిచి నిర్మూలించిన మొక్కను నేడు మన దేశం మరొక రూపంలో ఆహ్వానిస్తున్నది. జోధ్‌పూర్‌లోని కేంద్ర శుష్క మండల పరిశోధన సంస్థ మొదలైనవి ముళ్లులేని కాక్టస్ రకాలను మేత కోసం, పండ్ల కోసం పరిశీలిస్తున్నాయి. కేంద్ర భూవనరుల శాఖ 2022 నుంచి బంజరు నేలలలో ఈ రకాల పెంపకాన్ని ప్రోత్సహిస్తున్నది. ఇక మన అంగళ్లలో కనబడే డ్రాగన్ ఫ్రూట్ కూడా కాక్టస్ కుటుంబపు పండే. 2021 జనవరిలో గుజరాత్ ప్రభుత్వం దానికి 'కమలం' అని పేరు మార్చినట్లు ప్రకటించింది. ఆంధ్ర, తెలంగాణ రైతులు దానిని రాతి స్తంభాలపైకి పాకించి పెంచుతున్నారు. పండగల నాడు దానిని ధర చెల్లించి కొని తెచ్చుకుంటున్నాం. చేను గట్టున ఉచితంగా పండిన దాని బంధువును మాత్రం ముళ్లకంప అని నరికివేస్తున్నాం. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న సామెత పండ్ల విషయంలో కూడా నిజమవుతున్నది.

ఒక పేరు మరుగునపడితే ఒక మాట మాత్రమే పోదు. దానితోపాటు ఏది తినదగినదో, ఏది కన్ను పోగొట్టేదో చెప్పే జ్ఞానం కూడా పోతుంది. నాగజెముడుకూ పాలజెముడుకూ తేడా తెలిసిన చివరి అమ్మమ్మ కన్నుమూసిన ఊరిలో, ఆ పండు ఉండి కూడా లేనట్లే. పైగా తెలియక చేయి చాచిన పసివాడికి ప్రమాదం కూడా. కనుక విద్యార్థులు తమ ఊరి పెద్దలను కలుసుకుని, గట్లమీది మొక్కల పేర్లు, గుర్తులు, ఉపయోగాలు అడిగి రాసిపెట్టుకోవాలి. ముళ్లున్న ప్రతిదీ శత్రువు కాదు. మెరిసే ప్రతి పండూ మిత్రమూ కాదు. ఈ రెండింటి భేదం తెలుసుకుని, అడిగే పద్ధతి నేర్చుకున్నవాడికే ప్రకృతి తన పండును అందిస్తుంది.

అభ్యాసం

అ) కింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. నాగజెముడు పండును తినడానికి అనువుగా సిద్ధం చేసే విధానాన్ని వివరించండి.
2. ఆస్ట్రేలియా, మడగాస్కర్ ఉదంతాల ద్వారా రచయిత చెప్పదలచిన విషయాన్ని విశ్లేషించండి.

ఆ) కింది ప్రశ్నలకు ఐదు పంక్తులలో సమాధానాలు రాయండి.
1. 'నాగజెముడు' అనే పేరు ఎలా ఏర్పడింది?
2. పాలజెముడును, నాగజెముడును ఏ గుర్తులతో వేరు చేయవచ్చు?
3. నాగజెముడు నీటిని ఎలా పొదుపు చేసుకుంటుంది?

ఇ) సందర్భసహిత వ్యాఖ్య రాయండి.
1. "దానిని అడిగే పద్ధతి నీకు తెలియలేదు."
2. "ఏది పనికిరానిదో నిర్ణయించే ముందు, అది ఎవరికి పనికివస్తున్నదో అడగాలి."

ఈ) ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. కెప్టెన్ నీల్సన్ కొచినీల్ పురుగులను ఎక్కడి నుంచి తెచ్చాడు?
2. కలంకారీలో ఎరుపు రంగు కోసం వాడిన తీరప్రాంతపు వేరు ఏది?
3. పండులోని ఎరుపు రంగుకు కారణమైన వర్ణకాలేవి?